పద్నాలుగో నంబరు ఇంటి గోడలో ఉన్ని

సరిగ్గా పది గంటలకు మా ఆవిడ ఓర్మిల్డా ఇనప గరిటెతో పొయ్యిలోని నిప్పులన్నీ ఎత్తి బకెట్లో పోసింది. ఆ బకెట్టు నా చేతికిచ్చి, నన్ను గుమ్మం అవతలికి నెట్టి తలుపేసేసింది.

"పొయ్యీ పోయింది, మొగుడూ పోయాడు. ఇక ఇల్లే నిలబడాలి" అంది లోపలినుంచి.

ఆమె పేరులో ఓర్మి ఉంది. మనిషిలో లేదు.

బయట మైనస్ తొమ్మిది. సరిగ్గా అదే నిమిషానికి పక్క పదిహేనో నంబరు ఇంట్లోంచి దోన్ ఎవరిస్తో, అంటే ఎవరిస్తో గారు, కూడా తన నిప్పుల బకెట్టు పట్టుకుని బయటికొచ్చాడు. ఇద్దరం వాటిని మంచులో బోర్లించాం. బుస్సుమని రెండు ఆవిరి స్తంభాలు లేచాయి. వీధిలో నిలబడ్డ ముప్ఫైమందీ చప్పట్లు కొట్టారు. పందెం మొదలైంది.

ఆదివారాల్లో గుర్రప్పందేలకు మైకు పట్టుకునేది నేనే. ఆ రోజు మైకు లేదు. నా గొంతుకు అది ఉన్నా లేనట్టే, లేకున్నా ఉన్నట్టే.

"పద్నాలుగో నంబరు, ఇరవై డిగ్రీలు. పదిహేనో నంబరు, ఇరవై డిగ్రీలు. పక్కపక్కనే పరుగు, ముక్కుకు ముక్కు" అని మొదలెట్టాను.

"ఈయన నోటి గాలి లెక్కలోకి రాదు కదమ్మా?" అని ఎవరిస్తో పందెం లెక్క రాసే ఇంజనీరమ్మను అడిగాడు. "వస్తే మాత్రం పద్నాలుగో నంబరు ఇప్పుడే గెలిచినట్టు."

రెండిళ్లూ ఒకే ఏడు, ఒకే కొలతతో కట్టినవి. పొయ్యి ఆర్పేశాక తలుపు తియ్యకుండా ఉంచి, మధ్యాహ్నం మూడింటికి ఏ వంటగదిలో వేడి ఎక్కువ మిగిలితే ఆ గోడ గెలిచినట్టు. ఒక్కో వంటగదిలో ఒక్క మనిషే ఉండాలి. మా ఇంట్లో ఓర్మిల్డా, వాళ్లింట్లో ఎవరిస్తో భార్య క్లోరిందా. కిటికీ అద్దానికి లోపలివైపు చెరొక థర్మామీటరు, అంకెలు బయటికి కనబడేలా. కిటికీలో ఈ కిటుకు పెట్టింది రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరమ్మ రొసారియో. పల్చటి పట్నం కోటు వేసుకుని, వణుకుతూ, అయినా నవ్వుతూ, పావుగంటకోసారి అంకెలు రాసుకుంటోంది.

మా ఊరు కొయ్యాయికే. ఊరి పేరులోనే కొయ్య ఉంది కాబట్టి నేను పంతొమ్మిదేళ్లుగా కట్టెలు అమ్ముకుని బతుకుతున్నాను. ఇక్కడ ఎవరి చిమ్నీ పొగ వాళ్ల పొగరు. పొగ ఎంత దట్టంగా లేస్తే ఆ ఇంటికి అంత పొగడ్త. చుట్టూ కొండలు, పైన కదలని గాలి. ఆ పొగరంతా మళ్లీ మా ఊపిరితిత్తుల్లోకే దిగుతుంది. అందుకని ఈ ఏడు మా వీధి కమిటీలోని ఇరవై రెండు ఇళ్ల గోడలు విప్పి, లోపల చలి ఆపే పొర వేయిస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. ఏ పొర అన్నది మేమే చేతులెత్తి తేల్చుకోవాలి.

ఎవరిస్తో థర్మోకోల్ అన్నాడు. పోయిన వేసవిలోనే తన గోడలకు అది కొట్టించుకున్నాడు. ఓర్మిల్డా ఉన్ని అంది.

ఆమె ఉన్ని అనడానికి కారణం దోన్ బౌదిలియో. వీధి చివర ఇల్లు, డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, తొంభై గొర్రెలు. ముతక ఉన్ని కొనేవాడు లేక మూడేళ్ల కత్తిరింపు కొట్టంలో కుప్పపడి ఉంది. "గోడల్లోకి ఉన్ని వెళితే గొర్రెలుంటాయి. లేదంటే గురువారం మాంసం లారీ వస్తోంది, మందంతా ఎక్కించేస్తానని మాటిచ్చాను" అన్నాడు పెద్దాయన. అన్న రోజు సోమవారం. పందెం బుధవారం. అందుకే వీధి వీధంతా మా కిటికీకి ముక్కులు ఆనించింది.

ఆ ఉన్నిని ఓర్మిల్డా పోయిన నెలలోనే నాలుగుసార్లు ఉతికింది. పురుగు పట్టకుండా బోరాక్స్ నీళ్లలో ముంచింది. కంచెల మీద ఆరేసి, చేత్తో విదిల్చి, మా గోడ పలకల మధ్య చీపురుకర్రతో కూరింది. వారం రోజులు మా ఇల్లు గొర్రెలా కనిపించింది. నేను గొర్రెలా చూస్తూ ఉన్నాను. ఎందుకంటే ఆమె గెలిస్తే వీధంతా సగం కట్టెలే కొంటుంది. ఓడితే నేను ఇంట్లో కూర్చోలేను. వ్యాపారం వైపు తిరిగినా మంట, కాపురం వైపు తిరిగినా మంట. కట్టెలవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

పదకొండుకు రెండూ పందొమ్మిది. పదకొండున్నరకు మాది పద్దెనిమిదిన్నర, వాళ్లదీ అంతే. నా గొంతు బొంగురు పోతోంది. పన్నెండుకు రొసారియో రెండు కిటికీలూ చూసి పెన్ను గీసింది.

"పదిహేనో నంబరు పద్దెనిమిది. పద్నాలుగో నంబరు పదిహేడున్నర."

అర డిగ్రీ. నేను చదువులో ఒక్క డిగ్రీ కూడా సంపాదించనివాణ్ణి, ఆ అర డిగ్రీ కోసం గుండె పట్టుకున్నాను.

"ఏం కొంపాద్రే, గొర్రె కుంటుతోందా?" అన్నాడు ఎవరిస్తో. మా దగ్గర పిల్లవాడి జ్ఞానస్నానంలో చేయి వేసినవాణ్ణి కొంపాద్రే అంటాం. కొంపకు కొమ్ము కాసే మనిషి అనుకుని పిలుచుకున్నాను. ఎవరిస్తే తీసుకోవడమే తప్ప ఎవరికీ ఇవ్వని మనిషని అతని పేరే చెబుతున్నా నాకు తట్టలేదు. ఇరవై ఏళ్లలో వాళ్లింట్లో మాతే, అంటే మా ఊరి ఆకు టీ, తాగినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ బొటనవేలు అవసరం లేకుండా.

"ఇంకా మూడు గంటలుంది, కొంపాద్రే. గుర్రం చివరి మలుపులో పరిగెడుతుంది" అన్నాను.

"అది గుర్రం. ఇది గొర్రె."

అప్పుడు మొదలైంది మంచు. ముందు చిన్న పలుకులు, తరువాత అడ్డంగా కొట్టే గాలి. పిల్లలున్నవాళ్లు ఇళ్లకు పరిగెత్తారు. ఒంటిగంటకు వీధిలో ఎవరిస్తో, రొసారియో, నేను కాక మరో తొమ్మిదిమంది మిగిలాం. ఆ తొమ్మిదిమందిలో దోన్ బౌదిలియో ఒకడు. మా కిటికీకి రెండడుగుల దూరంలో, టోపీ మీద నాలుగు వేళ్ల మందాన మంచు పేరుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, థర్మామీటరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఇంటికెళ్లండి. అంకె మారితే నేనే కేకేస్తాను, మీ ఇంట్లోకి వినిపిస్తుంది" అన్నాను.

"ఇంట్లో నేనొక్కణ్ణే. ఇక్కడ నా ఉన్ని ఉంది" అన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మాట ముక్కలుగా వచ్చింది.

"పదిహేడు" అంది రొసారియో. "పక్కది పదిహేడున్నర."

దోన్ బౌదిలియో మోకాళ్లు కొంచెం వంగాయి. గోడకు చేయి ఆనించాడు. అద్దం వెనక నుంచి ఓర్మిల్డా అతన్ని చూసింది. నేను ఆమెను చూశాను. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నేను ముందుగా ఊహించగలిగింది అదొక్కటే.

"ఓర్మిల్డా, తలుపు ముట్టుకోకు" అని అరిచాను. "పందెం పోతుంది. ఆయన్ని నేను మోసుకెళతాను."

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆవిరి ఒక్కసారిగా బయటికి దూకింది. అందులో నా మూడు గంటల అరుపులూ కలిసి పోయాయనిపించింది.

"రా పెద్దాయనా, లోపలికి రా" అంది.

"వద్దమ్మాయ్. తలుపేసెయ్. గెలువు."

"నిన్ను బయట గడ్డకట్టించి గెలిచిన ఇంట్లో నాకు నిద్ర పడుతుందా? రా అంటుంటే."

చేయి పట్టి లాక్కుపోయింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది, రాసుకున్న చట్టం కంటే గట్టిది: చలిలో గుమ్మం ముందు నిలబడ్డవాణ్ణి లోపలికి పిలవాలి, ఒకణ్ణి పిలిస్తే పక్కవాణ్ణి వదలకూడదు. ఆమె వదల్లేదు. మిగతా ఎనిమిదిమందీ బూట్లు దులుపుకుంటూ ఒక్కొక్కరే దూరారు. ప్రతి ఒక్కరికీ తలుపు ఇంకొంచెం సేపు తెరుచుకుని ఉంది. చివరికి నేనూ వెళ్లాను. గెలుపు ఎలాగూ పోయింది, కనీసం చెవులైనా మిగులుతాయని.

వెనక నుంచి ఎవరిస్తో గొంతు: "రాసుకో ఇంజనీరమ్మా. ఒంటిగంటా ఏడు నిమిషాలకు పద్నాలుగో నంబరు ఔట్. తలుపు తీశారు, మనుషుల్ని ఎక్కించారు."

రొసారియో రాసుకుంది. నిజమే కదా మరి. థర్మామీటరు పదిహేనున్నరకు పడిపోయింది.

దోన్ బౌదిలియోను చల్లటి పొయ్యి పక్కనే కూర్చోబెట్టాం. ఓర్మిల్డా పొద్దున్నే ఫ్లాస్కులో పోసి ఉంచిన వేడినీళ్లతో మాతే కలిపి, అది తాగే చిన్న సొరబుర్రను చేతికిచ్చింది. మాతే లేకపోతే మా దగ్గర మాటే లేదు. వచ్చాక మాట ఆగదు. బుర్ర చేతులు మారింది. పోయిన ఏడాది వరదలో కొట్టుకుపోయిన వంతెన దగ్గర మొదలైన మాట ఎవరిదో పందిపిల్ల దాకా వచ్చింది. ఎవరూ ఉన్ని ఊసెత్తలేదు. పెద్దాయన మాత్రం గోడనే చూస్తున్నాడు, గోడు చెప్పుకుంటున్నట్టు.

"క్షమించమ్మాయ్" అన్నాడు. "నా మోకాళ్లు నిన్ను ఓడించాయి."

"తాగు. చల్లారిపోతుంది" అంది ఓర్మిల్డా. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అయినా బుర్ర అంచుదాకా నింపింది.

కాసేపటికి కిటికీ బయట రొసారియో కనిపించింది. ముక్కు ఎర్రటి ముల్లంగిలా ఉంది. ఓర్మిల్డా మళ్లీ తలుపు తీసి ఆమెను కూడా లాగింది. బుర్ర ఇచ్చాం. పట్నం పిల్ల కదా, ఒక గుక్క తాగి మర్యాదగా "థాంక్స్" అంటూ తిరిగిచ్చింది. ఇక్కడ మాతే తిరిగిస్తూ ఆ మాట అన్నామంటే ఇక చాలని అర్థం. బుర్ర ఆమెను దాటుకుని రెండు చుట్లు తిరిగింది. ప్రతిసారీ ఆమె కళ్లు బుర్ర వెంటే వెళ్లాయి.

"అయ్యో పిల్లా, ఇంకా కావాలంటే నోరు మూసుకుని ఇవ్వాలి" అని నేను చెప్పాను.

"అది నీకెలా తెలుసు?" అంది ఓర్మిల్డా. "నువ్వెప్పుడూ మూయలేదుగా."

రొసారియో నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని కిటికీ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఆ థర్మామీటరు ఎవరైనా ముట్టుకున్నారా?"

ఎవరూ ముట్టుకోలేదు.

"పదిహేడు" అంది. "పదిహేనున్నర నుంచి పదిహేడుకు వచ్చింది. పొయ్యిలో నిప్పు లేదు కదా?"

నేను పొయ్యి తలుపు తెరిచి బూడిద చూపించాను. ఆమె కుర్చీ లాక్కుని థర్మామీటరు ఎదురుగా కూర్చుంది. ఐదు నిమిషాలకు పదిహేడుంపావు. ఇంకో పది నిమిషాలకు పదిహేడున్నర. ఆమె పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని మమ్మల్ని లెక్కపెట్టడం మొదలెట్టింది. తలా ఒక వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ.

"పన్నెండుమంది. ఎవరూ కదలొద్దు. ఎవరూ బయటికెళ్లొద్దు."

"నాకు కోళ్లకు మేత..." అంది ఒక ఆవిడ.

"కోళ్లు ఆగుతాయి, దోన్యా. వేడి ఆగదు." ఆమె లేచి నిలబడింది. గొంతు మారిపోయింది. "మనిషి ఊరికే కూర్చుంటే వంద వాట్ల బల్బంత వేడి ఇస్తాడు. ఈ గదిలో పన్నెండు బల్బులు వెలుగుతున్నాయి. లోపలికి వచ్చే వేడి ఎంతో నాకు తెలుసు. అంకె ఎక్కడ ఆగిపోతుందో చూస్తే, గోడ ఎంత వదిలేస్తోందో కచ్చితంగా తేలిపోతుంది. పొద్దుట ఆర్పిన పొయ్యిల్లో ఎవరికెంత వేడి దాగి ఉందో తెలియదు, అందుకే ఆ పందెం కంటే ఇది మంచి పరీక్ష. నాకే ముందు తట్టాల్సింది."

"దోన్ బౌదిలియో జీరో బల్బు" అన్నారెవరో.

"మా ఆయన నొల్బెర్తో రెండు బల్బులు, అరిస్తే మూడు" అంది మా ఆవిడ.

గది మొత్తం థర్మామీటరు వైపు తిరిగింది. నేను పందేల గొంతు తగిలించుకున్నాను, కానీ ఈసారి గుసగుసగా. "పదిహేడు ముప్పావు... ఎక్కుతోంది... ఎక్కుతోంది... పద్దెనిమిది." రెండుంపావుకు పద్దెనిమిది. రెండున్నరకు పద్దెనిమిది. మూడింటికి కూడా పద్దెనిమిదే. ఒకడు కోటు విప్పాడు. ఇంకొకడు స్వెటర్ విప్పాడు. దోన్ బౌదిలియో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పెదాలకు రంగు వచ్చింది.

"అదే పన్నెండుమంది ఇప్పుడు పదిహేనో నంబరులో కూర్చోవాలి" అంది రొసారియో. "ఇంతే సేపు. ఇదే మాతే బుర్రతో."

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరిస్తో ఇంట్లోకి పన్నెండుమందా.

మంచు తెరిపిచ్చింది. మేమంతా పెళ్లివారిలా బయల్దేరాం. ఎవరిస్తో తన గుమ్మం ముందు, తన పదహారున్నర డిగ్రీలకు కాపలాగా నిలబడి ఉన్నాడు.

"మూడయింది. నేను గెలిచాను. ఇంకేం పరీక్ష?" అన్నాడు.

"నిబంధన ప్రకారం మీరు గెలిచారు, దోన్ ఎవరిస్తో. అది అలాగే రాశాను, చెరపను" అంది రొసారియో. "కానీ కమిటీ చేతులెత్తే ముందు రెండో లెక్క కూడా చూడాలి."

"అది మనుషుల వేడి. ఉన్ని వేడి కాదు."

"ఉన్నికి వేడి లేదు. థర్మోకోల్‌కీ లేదు. ఉన్న వేడిని ఏది పోనివ్వదన్నదే లెక్క. మీ గోడ మీద మీకు నమ్మకం ఉంటే భయమెందుకు?"

"భయమా? నా ఇంట్లో పన్నెండుమంది బూట్లు..."

అతని వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. అంటే, క్లోరిందా తెరిచింది. భుజాల చుట్టూ రెండు దుప్పట్లు, చేతిలో ఫ్లాస్కు. ఐదు గంటలు ఒంటరిగా ఆ గదిలో కూర్చున్న మనిషి.

"గోడ అవతల మీ నవ్వులన్నీ వినబడ్డాయి" అంది. "రండి. బూట్లతోనే రండి. ఇంతకీ, ఆ పందిపిల్ల సంగతి చివరికి ఏమైంది?"

మేం లోపలికి పోయాం. లెక్క సరిపోవాలని క్లోరిందాను, ఎవరిస్తోను రొసారియో పక్కగదిలో కూర్చోమంది. క్లోరిందా ససేమిరా అంది. "ఇరవై ఏళ్లకు జనం వస్తే నేను పక్కగదిలోనా?" చివరికి కోళ్ల ఆవిడ తన మేత పనికి పోయింది. ఆమె బల్బు స్థానంలో క్లోరిందా వెలిగింది. ఎవరిస్తో వసారాలో నిలబడి తలుపు సందులోంచి చూశాడు.

తలుపు తీసినందుకు పద్నాలుగున్నరకు పడింది. తర్వాత ఎక్కింది. పదిహేను. పదిహేనున్నర. గదిలో పన్నెండుమందీ ఊపిరి బిగబట్టారు. "ఊపిరి వదలండి, దాంతోనే వేడి" అని రొసారియో అరిచింది. పదహారు. క్లోరిందా రొట్టె, వెన్న, రేగు జామ్ పెట్టింది. ఎక్కడ దాచిందో అంత జామ్. నాలుగుంపావుకు పదహారు. నాలుగున్నరకు పదహారు. ఆ పైన అంకె కదలలేదు.

కదిలింది ఇంకొకటి. కిటికీ చుట్టూ, మూలల్లో, పలకల అతుకుల దగ్గర గోడ చెమట పట్టింది. పన్నెండుమంది ఊపిరి తడి పోవడానికి దారి లేక గోడ మీద ముత్యాలుగా కూర్చుంది. ఒక చుక్క జారి నా మెడలో పడింది.

"మా ఇంట్లో ఇది లేదే" అన్నాను.

"ఉన్ని తడిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది" అంది రొసారియో, రాస్తూనే. "లెక్క తేలింది. ఇంతమంది వేడికి పద్నాలుగో గోడ పద్దెనిమిది దగ్గర నిలబడింది, పదిహేనోది పదహారు దగ్గర. ఉన్ని తక్కువ వదులుతోంది. ఇక మీ చేతులు."

కమిటీలో దాదాపు సగం ఆ గదిలోనే ఉన్నాం. మిగతావాళ్లను నేను గుమ్మంలోంచే పిలిచాను. రెండు నిమిషాల్లో వచ్చారు, నా గొంతుకు అదొక్కటే ప్రయోజనం. ఇంటికొక చేయి. ఉన్నికి ఎవరంటే చేతులు లేచాయి: నాది మొదట, కట్టెల వ్యాపారం సగం పోతుందని తెలిసి కూడా. పదమూడు, పద్నాలుగు, పదిహేను. పదహారోది క్లోరిందాది. వసారాలోంచి "మనింటి ఓటు నాది" అన్న గొంతు వినబడింది.

"తలుపు తీసిందెవరు?" అంది క్లోరిందా, చేయి దించకుండా.

దోన్ బౌదిలియో చేయి ఎత్తడం మరచిపోయాడు. అతని చేయి ఓర్మిల్డా పట్టుకుని ఎత్తింది.

"ఒక్కో ఇంటికి ఎంత ఉన్ని పడుతుంది?" అని అడిగాడు పెద్దాయన.

రొసారియో కాగితం మీద కొట్టి చూసింది. "మీ కొట్టంలో ఉన్నది ఎనిమిది ఇళ్లకే వస్తుంది. మిగతా వాటికి వచ్చే కత్తిరింపు కావాలి. ఆ తర్వాతదీ కావాలి. మీ తొంభై చాలవు."

"చాలవా?"

"ఇంకా పెంచాలి, దోన్ బౌదిలియో."

పెద్దాయన టోపీ పెట్టుకుని లేచాడు. మధ్యాహ్నం వంగిన మోకాళ్లేనా ఇవి అనిపించింది. "లారీవాడు ఈపాటికి వంతెన దగ్గరి సత్రంలో దిగి ఉంటాడు. వాడికి చెప్పాలి. రేపు రావద్దని చెప్పాలి" అంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా, వసారాలో ఎవరిస్తోను పక్కకు తోసుకుని, వీధి తలుపు బార్లా తీసి, మంచులోకి దాదాపు పరుగున వెళ్లిపోయాడు.

చలి ఒక్కసారిగా గదిలోకి పడింది. "తలుపు" అని అందరం ఒకేసారి అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది రొసారియో.